హఠాత్తుగా వచ్చెడి కడుపునొప్పి – ఇల్లాలు ఎరుగవలసిన సంగతులు



కడుపునొప్పి యెరుగని యిల్లు లేదు. పసిబిడ్డలకు అజీర్తివలనను, ఎదుగు పిల్లలకు నులిపురుగులవలనను, ఆడువారికి నెలసరి దినములయందును కడుపునొప్పి వచ్చుచునే యుండును. ఓమనీళ్లతోనో, శొంఠికషాయముతోనో, ఒకపూట లంకణముతోనో పోవుచునే యుండును. నూరుసారులు ఇట్లు పోవుటచేత నూటయొకటవసారి వచ్చినదియు నట్లే పోవునని మనము నమ్ముదుము. ఆ నమ్మకము కొన్ని యిండ్లలో దీపమార్పినది. ఏలయనగా, ఏ దెబ్బయు తగులకుండగనే, ఎచ్చటనుండియు పడకుండగనే, కడుపులోని యొక అవయవము తనంతట తాను పగులుట కలదు. అట్టి పగులువలన పుట్టిన నొప్పి ఓమనీళ్లకు లొంగునది కాదు. దాని యానవాళ్లెవ్వి, కనబడినప్పుడు చేయవలసినదేమి యను సంగతులను కరీంనగరు, ఆదిలాబాదు సీమల కుటుంబములను మనసునందుంచుకొని వ్రాయుచున్నాను.

ఒక యిల్లు తలచుకొనుడు. జగిత్యాల ప్రాంతపు పల్లె. ఇంటికోడలు ఇద్దరు బిడ్డల తల్లి. రెండవ కాన్పు కాగానే పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించుకొన్నది. ఉదయమున చేటనిండ ఆకు పెట్టుకొని బీడీలు చుట్టుచుండగా కుడివైపు పొత్తికడుపులో కత్తితో కోసినట్లయినది. అత్తగారు పరుగున వచ్చి, “పొక్కిలి జరిగినట్లున్నది బిడ్డా, జర పండుకో” యని ఆముదము రాచి కడుపు తోమినది. కొంతసేపటికి నొప్పి తగ్గినట్లే యుండెను. మధ్యాహ్నము లేచి నిలువబోగా కోడలికి కన్నులు చీకట్లు కమ్మి వాకిట కూలబడినది. ముఖము తెల్లబోయెను, నుదుట చల్లని చెమట పట్టెను. నెలసరి పదిదినములు దాటినదని ఆమె యెరుగును, కాని “ఆపరేషనైనదానికి నెల తప్పుడేంది?” అని యెవ్వరితోను చెప్పలేదు. ఇట్టి యిల్లాలు బ్రదుకుట, బ్రదుకకపోవుట ఉదయమునకును ఆసుపత్రి గడపకును నడుమ గడచిన గంటలమీద నాధారపడి యుండును. ఆమెకు కలిగినదేమో ముందు చెప్పెదను. అంతకు మునుపు కడుపులోని పగులు లెట్టివో తెలిసికొందము.

పగులులు రెండు విధములు

మన కడుపులోని అవయవములన్నింటిని పలుచని పొర యొకటి కప్పియుండును. వైద్యులు దానిని పెరిటోనియమందురు. ఈ పొర మిక్కిలి సున్నితమైనది. దానిమీద పరాయి వస్తువు పడరాదు. పడునవి రెండు: ఒకటి విషము, రెండవది నెత్తురు.

జీర్ణాశయమునకుగాని ప్రేగునకుగాని చిల్లిపడినప్పుడును, చీముగడ్డ చిట్లినప్పుడును చిందునది విషము. అప్పుడు నొప్పి మొదటినుండియు భరింపరానిదై యుండును. రోగి కదలడు, కదలినను, దగ్గినను నొప్పి హెచ్చును. కడుపు చెక్కపలకవలె గట్టిపడును. పిమ్మట జ్వరము, వాంతులు, కడుపుబ్బరము వచ్చును.

ప్లీహము, గర్భాశయము, అండవాహిక మొదలగునవి పగిలినప్పుడు చిందునది నెత్తురు. ఇచ్చట జాగ్రత్తగా వినుడు. నెత్తురు చిందినప్పటి నొప్పి యెల్లప్పుడు ఘోరముగా నుండదు. ఒక పోటు పొడిచి తగ్గిపోవచ్చును. కాని లోపల నెత్తురు పారుచునే యుండును. మన శరీరమందలి నెత్తురు నాలుగైదు లీటర్లకు మించదు. అందులో లీటరున్నర కడుపులోనికి పోయినయెడల ప్రాణమునకు ముప్పే. బయట ఒక్కచుక్కయు కనబడకపోవచ్చును. కనుక నొప్పి తగ్గినదని సంతోషింపక ముఖము చూడవలెను. పెదవులు, కనురెప్పలోపలి యెరుపు పాలిపోవుట, నాడి సన్నగిల్లి వేగముగా కొట్టుకొనుట, లేచినంతనే సొమ్మసిల్లుట, మితిమీరిన దప్పిక, చల్లని చెమట – ఇవి లోపల నెత్తురు పోవుచున్నదనుటకు గుర్తులు.

మరియొక వింత గుర్తు కలదు. కడుపులో పగులు పడినవారికి భుజముమీద నొప్పి వచ్చును. కడుపునకును రొమ్మునకును నడుమ నుండు పొరకు నాడి మెడనుండి దిగివచ్చును. భుజమునకును అచ్చటినుండియే నాడులు పోవును. అందుచేత ఆ పొరక్రింద నెత్తురు చేరినయెడల భుజము నొచ్చినట్లు తోచును. కడుపునొప్పితోపాటు “భుజము లాగుచున్నది” అని యెవరైన ననినయెడల దానిని వాతమని త్రోసిపుచ్చరాదు.

అడవిసీమ చలిజ్వరము – బల్ల

ఎడమ డొక్కలో ప్రక్కటెముకల చాటున దాగియుండు అవయవము ప్లీహము. ఆరోగ్యవంతులయందు అది సుమారు 150 గ్రాముల బరువుండును, చేతికి తగులదు. చలిజ్వరము, అనగా మలేరియా, వచ్చినవారికి అది ఉబ్బి ప్రక్కటెముకలను దాటి దిగును. దీనినే మన పెద్దలు కడుపులో బల్ల యనిరి. ఉట్నూరు, నార్నూరు, కెరమెరి, తిర్యాణి కొండసీమలలో బల్ల యెరుగని తల్లి పూర్వము లేదనవచ్చును. మన జిల్లాలు హైదరాబాదు రాజ్యములో నుండిన కాలముననే, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదునందు రోనాల్డు రాసు అను వైద్యుడు దోమకడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. ఆ యెరుకవలనను, దోమతెరలవలనను, మందులవలనను ఆ జ్వరము ఇప్పుడు చాల తగ్గినది. కాని వానకాలమున నింకను పొడసూపుచునే యున్నది.

ఏండ్లతరబడి పెరిగిన బల్ల గట్టిపడియుండును. క్రొత్తగా జ్వరము తగిలి కొలదిదినములలో ఉబ్బిన ప్లీహమే పెళుసైనది. అది గట్టిగా దగ్గినను, వాంతి చేసికొన్నను, పడకమీద ప్రక్కకు తిరిగినను పగులవచ్చును. ఇది అరుదు, కాని సంభవించినప్పుడు క్షణములలో ముంచును. కావున బల్ల కరుగునని కడుపు పిసుకుటయు, వాతలు పెట్టుటయు ఎన్నటికిని చేయరాదు. చలిజ్వరముతో నున్నవారికి ఎడమ డొక్కలో పోటు, ఎడమ భుజమున నొప్పి, సొమ్మ కలిగినయెడల జాగుచేయరాదు. పగిలిన ప్లీహమును కొందరియందు తీసివేయుదురు, కొందరియందు కనిపెట్టియుండి కాపాడుదురు. తీసివేసినవారు బ్రదుకగలరు, అయితే అంటువ్యాధులు వారికి తీవ్రముగా తగులును గనుక వైద్యులు చెప్పిన టీకాలు తప్పక వేయించుకొనవలెను.

ప్రేగు, జీర్ణాశయము, కార్జము

టైఫాయిడు జ్వరమున చిన్నప్రేగు తుదిభాగమునందు పుండ్లు పడును. రెండవ మూడవ వారములలో, ఒక్కొక్కప్పుడు జ్వరము దిగుచున్నదని ఇంటివారు ఊపిరి పీల్చుకొనుచున్న వేళ, ఆ పుండు చిల్లియగును. జ్వరము విడువకుండ వారముదాటినదనిన నెత్తురు పరీక్ష చేయించి, ఇచ్చిన మందును గడువు తీరువరకు వాడవలయును. నాలుగు బిళ్లలకు జ్వరము జారినదని మానుట మంచిదికాదు.

బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రకు ఒక మాట. దినమంతయు వంగి కూర్చుండుటచేత నడుము, మెడ నొచ్చుట సహజము. మందులదుకాణములో అడిగి తెచ్చుకొన్న నొప్పిబిళ్లలను పరగడుపున, ఒక్క చాయనీళ్లతో మ్రింగి పనిలో కూర్చుందురు. ఆ బిళ్లలు కొన్ని నెలలలో జీర్ణాశయమున పుండు పుట్టింపగలవు. పుండు చిల్లి కాగలదు. రొమ్మెముకక్రింద మంటయు, నల్లని విరేచనమును మున్ముందు హెచ్చరికలు. నొప్పిబిళ్ల దినచర్య కారాదు. తప్పనినాడు అన్నము తిన్న పిమ్మటనే, వైద్యుని మాటమీదనే వేసికొనవలెను.

మగవారియందు మిక్కిలిగా కనబడు రోగము కార్జములోని చీముగడ్డ. అమీబా యను క్రిమి మురికినీటితోను, శుభ్రముకాని పానీయములతోను కడుపు చేరి, ప్రేగునుండి కార్జమునకు పోవును. కల్లు త్రాగు అలవాటు గలవారియందు ఈ గడ్డ యెక్కువయని దక్షిణదేశపు వైద్యులు గమనించిరి. కుడి డొక్కలో బరువు, చలితో జ్వరము, ఆకలి మందగించుట దీని మొదటి లక్షణములు. అప్పుడే చూపినయెడల మందులతోను, అవసరమైనచో సూదితో చీము తీయుటతోను కుదురును. “కల్లు త్రాగితే వేడి తగ్గునులే” యని మగవారు వారములు గడుపుదురు. గడ్డ కడుపులోనికో రొమ్ములోనికో చిట్లును. ఇంటియజమానికి చెప్పి ఒప్పించుట ఇల్లాలికే సాధ్యము.

ఇక స్త్రీలకు ముఖ్యమైన సంగతి

గర్భము నిలువవలసిన చోటు గర్భాశయము. నూటికి ఒకటి రెండు గర్భములు అచ్చటికి చేరక మార్గమధ్యమున, అండవాహికలోనే, నిలిచిపోవును. ఆ గొట్టము సన్ననిది. పిండము పెరుగుటకు చోటులేదు. ఆరేడు వారములు, ఎనిమిది వారములు కాగానే గొట్టము చినుగును. అప్పటికి చాలమందికి తాము గర్భిణులమన్న సంగతియే తెలియదు. నెలసరి కొంత ఆలస్యమై, పిమ్మట కొంచెము మరక కనబడును; “వచ్చినదిలే” యనుకొందురు. పొత్తికడుపులో ఒకవైపు పోటు, సొమ్మ, భుజమున నొప్పి – ఈ మూడును కూడినప్పుడు కాలయాపన తగదు.

మునుపు గొట్టములలో చీముపట్టినవారికిని, ఒకసారి ఇట్టి గర్భము కలిగినవారికిని ఈ యపాయ మెక్కువ. కాని మన సీమలో అందరును తెలియవలసినది వేరొకటి కలదు. పిల్లలు కలుగకుండ గొట్టములను ముడివేయించుకొన్న స్త్రీలకు గర్భము రాదని మనకు దృఢవిశ్వాసము. నిజముగా అది మిక్కిలి అరుదు. కాని ఆ శస్త్రచికిత్స తరువాత ఎవరికైన గర్భము నిలిచినయెడల, అట్టి గర్భములలో సుమారు మూడింట నొకటి గొట్టములోనే నిలుచును. మనము ముందు తలచుకొన్న ఇంటికోడలికి కలిగినది ఇదియే. “ఆపరేషనైనది” అను మాట ఆమెకు ధైర్యము చెప్పుటకు బదులు, నెల తప్పినప్పుడు తొందరపెట్టవలసిన మాట. ఆశా కార్యకర్తల యొద్ద గర్భపరీక్షచేయు పట్టీ యుండును. మూత్రపుచుక్కతో కొలదినిమిషములలో తెలియును. పిమ్మట స్కానింగు చేసి గర్భమెచ్చటనున్నదో చూతురు. గొట్టము చినుగకముందే తెలిసినయెడల కొందరికి మందుతోనే కరగింపవచ్చును; కొందరికి చిన్న కోతతో తీయవచ్చును.

పెండ్లికాని పిల్లలకు సయితము అండాశయమునందలి నీటిబుగ్గ చిట్లుటవలనను, మెలిపడుటవలనను ఇట్టి పోటు రావచ్చును. అందుచే పిల్లకు పోటు వచ్చినదనగానే అనుమానించి దాచుట తగదు. వైద్యురాలు నెలసరి తేదీ యడిగిన యెడల నిజము చెప్పవలెను. చుట్టములు లేనిచోట పిల్లను విడిగా మాటాడనిచ్చుట తల్లియొక్క ధర్మము.

మూడవది గర్భాశయపు పగులు. కడుపు కోసి బిడ్డను తీసినచోట మచ్చ మిగులును. తరువాతి కాన్పునందు నొప్పులు వచ్చునప్పుడు ఆ మచ్చ విడివడవచ్చును. గర్భాశయపు క్రిందిభాగమున అడ్డముగా కోసినవారియందు ఇన్నూరుమందిలో ఒకరికి ఇట్లగునని లెక్క. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమందు నూటికి 60కి పైగా కాన్పులు కోతతోనే జరిగినవి. కరీంనగరు జిల్లాలో నూటికి 80కి పైగా. అనగా మన సీమలో గర్భాశయముమీద మచ్చ గల తల్లులు చాలమంది. కోత ప్రాణరక్షణకు వలసినప్పుడు మేలైనది. ముహూర్తము కొరకును, నొప్పులకు వెరచియు కోరదగినది కాదు. మొదటికోత చేయించుకొన్న తల్లి మలికాన్పును ఇంటియొద్దగాని, కోతకు వీలులేని చోటగాని తలపెట్టరాదు. నొప్పులు హెచ్చుటకు తెలియనివారిచేత సూది వేయించుకొనరాదు. నొప్పులు వచ్చుచు వచ్చుచు చటుక్కున ఆగి, మచ్చచోట పోటుపుట్టి, బిడ్డ కదలిక తగ్గినయెడల నది శుభసూచకము కాదు; పగులు కావచ్చును.

ఆరుగంటల సూత్రము

లండనునగరపు శస్త్రవైద్యుడు జకారీ కోపు 1921వ సంవత్సరమున కడుపునొప్పులను గూర్చి యొక గ్రంథమును వెలువరించెను. అందు ఆయన చెప్పిన సూత్రము నూరేండ్లు గడచినను నిలిచియున్నది. అంతవరకు ఆరోగ్యముగా నున్న మనిషికి తీవ్రమైన కడుపునొప్పి పుట్టి ఆరుగంటలపాటు విడువకున్నయెడల, అది చాలవరకు శస్త్రవైద్యుడు చూడవలసినదే యని దాని తాత్పర్యము. అంతమాత్రముచేత ఆరుగంటలు కూర్చుండి వేచియుండుమని అర్థము కాదు. సొమ్మగాని, పాలిపోవుటగాని, కడుపు గట్టిపడుటగాని, గర్భమన్న అనుమానముగాని కలిగిన తత్‌క్షణమే బయలుదేరవలెను.

అట్టి వేళ చేయరానివి: ఆముదము త్రాగింపరాదు, ఎనిమా ఇవ్వరాదు, కడుపు తోమరాదు, అన్నముగాని చాయగాని పెట్టరాదు, మత్తు ఇయ్యవలసివచ్చినప్పుడు నిండుకడుపు ప్రమాదకరము. ఊరి ఆరెంపీ వైద్యునిచేత సూదిమీద సూది వేయించి “తెల్లవారనీ” యని కూర్చుండరాదు. చేయవలసినవి: రోగిని పరుండబెట్టి, తలతిరుగుచున్నయెడల కాళ్లక్రింద దిండు పెట్టవలెను. 2005వ సంవత్సరమున ఆరంభమైన 108 బండిని పిలువవలెను. నొప్పి పుట్టిన గడియ, చివరి నెలసరి తేదీ, వాడుచున్న మందులు, మునుపటి శస్త్రచికిత్సలు ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. నెత్తురిచ్చుటకు ఆరోగ్యముగల ఇద్దరు బంధువులు వెంటపోవలెను.

పోవలసిన చోటు పూర్వమంత దూరము కాదు. ఆదిలాబాదులో 2008వ సంవత్సరమునుండి రిమ్సు వైద్యకళాశాల కలదు. జగిత్యాల, రామగుండము, మంచిర్యాలలో 2022న, కరీంనగరు, సిరిసిల్ల, నిర్మలు, ఆసిఫాబాదులలో 2023న ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2016న పాత రెండు జిల్లాలు ఎనిమిదియైనవి; ఆ యెనిమిదింట ఒక్కొక్క కళాశాల యున్నది. అయినను వానకాలమున వాగులు పొంగినప్పుడు కొండమీది గూడేలనుండి రోగిని మంచముమీద మోసికొని వాగు దాటించుట ఇప్పటికిని జరుగుచున్నది. కావున అట్టి యూళ్ల గర్భిణులు, అందులోను మునుపు కోతపడినవారు, నెలలు నిండకమునుపే పట్టణమున బంధువులయింటికి చేరుట మంచిది. ఏ వాగు పొంగిన ఏ త్రోవను పోవలెనో, ఎవరి బండి యెక్కవలెనో ఆపద రాకముందే ఇంట నిర్ణయించుకొనవలయును.

శస్త్రచికిత్స యనగానే భయపడువారు కొందరు. వారికొక్క మాట. గొట్టములో గర్భము చినిగిన స్త్రీ పూర్వము బ్రదుకుట యరుదు. 1883వ సంవత్సరమున ఇంగ్లండులోని బర్మింగుహామునందు లాసను టెయిటు అను వైద్యుడు కడుపు తెరచి, చినిగిన గొట్టమును ముడివేసి రోగిని కాపాడెను. అట్టి శస్త్రములకు ఆధారమైన మత్తువిద్యయందు మన హైదరాబాదు వెనుకబడియుండలేదు. 1885వ సంవత్సరమున హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరిన రూపాబాయి ఫర్దూంజీ యను వనిత క్లోరోఫారమిచ్చుటలో ప్రసిద్ధి గాంచెను. ఒక స్త్రీ ఆనాడే చేతబట్టిన విద్యను చూచి నేటి స్త్రీ భయపడుట యేల?

ఇక మన ఇంటికోడలి యొద్దకు పోదము. అదే ఉదయము, అదే నొప్పి. అత్తగారు ఆముదపు గిన్నె యందుకొనబోయి యాగి, “నెల ఎప్పుడైంది బిడ్డా?” అని యొక్కమాట యడిగినదనుకొనుడు. కోడలు సిగ్గుపడక “పదిరోజులు దాటింది అత్తమ్మా” అని చెప్పినదనుకొనుడు. గంటలోపల బండి, మధ్యాహ్నమునకు స్కానింగు, సాయంకాలమునకు శస్త్రచికిత్స ముగిసి, వారములోపల ఆ తల్లి తన బిడ్డలయొద్దకు తిరిగివచ్చును. ఈ రెండు కథలకును నడుమ నున్న భేదము ఆ యొక్క ప్రశ్నయే.

ఓర్పు స్త్రీకి భూషణమని పెద్దలు చెప్పిరి. ఆకలికి, అలసటకు, మాటకు ఓర్చుకొనుడు. కడుపులోనుండి హఠాత్తుగా పొడిచి విడువని నొప్పికి మాత్రము ఓర్చుకొనకుడు. నోరువిప్పి చెప్పుడు, చెప్పినవారి మాటను ఇంటివారు వినుడు.